డెన్మార్క్ సమ్మర్ హౌస్: 5,600 అన్నారు, చివరికి 8,599 అయింది

డెన్మార్క్‌లో సమ్మర్ హౌస్ అద్దెకి తీసుకుందాం అనుకునేవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మేం ఉండేది హాంబుర్గ్‌లో. నేను, మావారు, బాబు, నెల్లూరు నుంచి వచ్చిన మా అత్తగారు, మొత్తం నలుగురం. అత్తగారు గుడ్డు కూడా ముట్టరు, కాబట్టి వంటిల్లు ఉన్న చోటు కావాలి. కోపెన్‌హాగెన్‌కి ఉత్తరాన గిల్లెలాయె దగ్గర సముద్రానికి నడిచెళ్ళేంత దూరంలో చెక్క ఇల్లు, వారానికి 5,600 క్రోనర్ అని ఒక ఏజెన్సీ సైట్‌లో కనబడింది. అంటే దాదాపు 750 యూరోలు. జూన్‌లో ఆ రేటంటే చవకే అని వెంటనే బుక్ చేసేశాం.

కార్లో బయల్దేరి జర్మనీ ఒడ్డున పుట్‌గార్డెన్‌లో ఫెర్రీ ఎక్కితే 45 నిమిషాల్లో డెన్మార్క్ వైపు రోడ్‌బీ. అక్కడ్నుంచి రోడ్డు హాయిగా సాగిపోయింది.

ఇంటికి చేరాక మొదలైంది. మంచాల మీద పరుపులు, దిండ్లు, రగ్గులు ఉన్నాయి గానీ బెడ్‌షీట్లు లేవు, దిండు గలీబులు లేవు, టవల్ ఒక్కటి లేదు. ఏజెన్సీకి ఫోన్ చేస్తే మనిషికి 125 చొప్పున 500 కడితే ఇస్తామన్నారు. కరెంటు వేరే, యూనిట్‌కి 4.50, వెళ్ళేటప్పుడు మీటర్ చూసి లెక్క కడతారట. చివర్లో క్లీనింగ్‌కి 895, అది వద్దనడానికి లేదు. నిజం చెప్పాలంటే ఇవన్నీ వీళ్ళు కొత్తగా కనిపెట్టినవి కావు, అక్కడ సమ్మర్ హౌస్‌ల పద్ధతే అంత, డెన్మార్క్ వాళ్ళు దుప్పట్లు, టవల్స్ అన్నీ ఇంటి నుంచే కార్లో వేసుకొస్తారు. పద్ధతి మీద నాకు కోపం లేదు. రేటు అంత పెద్ద అక్షరాల్లో వేసినవాళ్ళు ఈ ముక్క కూడా పక్కనే వేయొచ్చు కదా, అదే నా బాధ. మావారు ఆ సాయంత్రమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. అత్తగారు మాత్రం సూట్‌కేస్‌లోంచి రెండు పాత చీరలు తీసి మంచాల మీద పరిచేశారు, "ఐదొందలు పెట్టి దుప్పట్లేమిటే" అని. కానీ మిగతా రెండు మంచాలకి కావాలిగా, సెట్టు విడిగా ఇవ్వం అన్నారు, మొత్తం 500 కట్టాల్సే వచ్చింది.

ఇక్కడితో అయిపోతే ఇంత రాసేదాన్ని కాదు. క్లీనింగ్‌కి డబ్బు తీసుకున్నా గిన్నెలు కడగడం, ఫ్రిజ్ ఖాళీ చేయడం, చెత్త వేరు చేయడం మన పనే. అక్కడ ఇళ్ళల్లో చెత్త 10 రకాలుగా వేరు చేస్తారు, తిండి వేరు, కాగితం వేరు, అట్ట వేరు, గాజు వేరు, అలా. అన్నీ చేశాం, స్టవ్ మెరిసేలా తుడిచాం. మీటర్ 112 యూనిట్లు చూపించింది, 504 అన్నారు, సరే. తర్వాత డిపాజిట్ 1,500లో 400 మాత్రమే వెనక్కొచ్చింది. 1,100 "కిచెన్ అదనపు క్లీనింగ్" అట! ఫోటో పంపమంటే నల్లగా మాడిన కాయిల్ స్టవ్ ఫోటో పంపారు. మేం ఉన్న ఇంట్లో ఉన్నది నున్నటి గాజు ఇండక్షన్! ఆ మాట రాసి, మేం ఇల్లు ఖాళీ చేసేముందు తీసుకున్న ఫోటోలు కూడా జత చేస్తే వాళ్ళ రూల్స్ పేజీ లింకు పంపి ఊరుకున్నారు. అలా అన్నీ కలిపి 5,600 కాస్తా 8,599 అయింది. ఇప్పటికీ ఆ డబ్బు రాలేదు, నేనూ వదల్లేదు.

నాకింత మంట ఎందుకంటే, ఆ ఇంటి గేటు బయట దేశమంతా నమ్మకం మీద నడుస్తోంది. మా సందు చివర రోడ్డు పక్కన చిన్న చెక్క బల్ల, దాని మీద స్ట్రాబెర్రీలు, కొత్త బంగాళాదుంపలు, పక్కన డబ్బుల డబ్బా. మనిషి లేడు. స్ట్రాబెర్రీ డబ్బా 40, దుంపలు 25, మనమే తీసుకుని మనమే వేసి రావాలి. అక్కడివాళ్ళు ఫోన్‌లో మొబైల్‌పే చేసేస్తారు, టూరిస్టులకి అది కుదరదు కాబట్టి చిల్లర నాణేలు దగ్గర పెట్టుకోండి. ఊళ్ళో కేఫ్ బయట చల్లగాలికి తోపుడు బండ్లలో పసిపిల్లలు నిద్రపోతుంటే తల్లులు లోపల కాఫీ తాగుతున్నారు. అత్తగారు ఓ బండి దగ్గర కాపలా నిలబడిపోయారు, ఆ తల్లి బయటికొచ్చి నవ్వి చెప్పేదాకా కదల్లేదు.

పక్కింట్లో రిటైరైన టీచర్ దంపతులు. ఆవిడ పుట్టినరోజు, మూడింటికి కాఫీకి రండి అన్నారు. మూడంటే మూడే, మూడుంపావు కాదు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి, ఆ విషయంలో అత్తగారు ఇంట్లో ఉన్నట్టే ఉన్నారు. పెరట్లో పెద్ద కర్రకి ఎర్ర తెల్ల జెండా, టేబుల్ మీద చిన్న జెండాలు, కేకు మీద కూడా జెండాలే! అది దేశభక్తి ప్రదర్శన కాదు, పుట్టినరోజంటే అక్కడ జెండా ఉండాల్సిందే. టీచర్లని కూడా పేరు పెట్టే పిలుస్తారు కాబట్టి ఆయన మా బాబుని తన పేరుతో పిలవమన్నారు, వాడు పిలిచాడు, అత్తగారు తెలుగులో "తాతగారూ అనరా" అని గదమాయించారు. ఆయన మమ్మల్ని ట్రాంకెబార్ దగ్గరివాళ్ళా అని అడిగారు. అదే తమిళనాడు తరంగంబాడి, 1620 నుంచి 1845లో ఇంగ్లీషువాళ్ళకి అమ్మేదాకా డెన్మార్క్ చేతిలో ఉంది. అత్తగారు తను అక్కడి కోట చూశానని చెప్పేసరికి ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నారు.

కేకులో గుడ్డు ఉందని అత్తగారు తినలేదు, పక్కింటావిడ అది గమనించింది. జూన్ 23 రాత్రి సాంక్ట్ హాన్స్ పండగ, సముద్రం ఒడ్డున పెద్ద మంట వేసి దాని మీద గుడ్డలతో చేసిన మంత్రగత్తె బొమ్మని కాలుస్తారు. అచ్చం మన భోగిలా పిల్లలు చుట్టూ గంతులు. ఒకాయన చిన్న ఉపన్యాసం ఇచ్చాడు, తర్వాత అందరూ పాటల కాగితాలు పట్టుకుని కలిసి పాడారు. రాత్రి పదింటికి కూడా ఇంకా వెలుతురే. పక్కింటావిడ అత్తగారి కోసమే గుడ్డు లేకుండా పిండి కలిపి తెచ్చింది. ఆ పిండిని పొడుగు కర్రకి పాములా చుట్టి నిప్పు మీద తిప్పుతూ కాల్చాలి, మంటలో పెడితే మాడుతుంది, నిప్పు కణికల మీదే ఓపిగ్గా తిప్పాలి. కాలాక కర్ర లాగేస్తే మధ్యలో పడిన బొక్కలో స్ట్రాబెర్రీ జామ్ వేసుకుని తినడం. పైన కరకర, లోపల మెత్తగా, వేడివేడిగా. దీన్ని స్నోబ్రోడ్ అంటారు. అత్తగారు మూడు తిన్నారు. మావారు కూడా ఆ రాత్రే మళ్ళీ మామూలు మనిషయ్యారు. మొత్తం ప్రయాణంలో బెస్ట్ తిండి ఏదంటే నేను ఇదే చెప్తాను, దానికి మాకైన ఖర్చు సున్నా.

కోపెన్‌హాగెన్ గురించి రెండు ముక్కలు. లిటిల్ మెర్మెయిడ్ కోసం పనిగట్టుకుని వెళ్ళక్కర్లేదు, 1913లో పెట్టిన విగ్రహం, ఎత్తు మీటరుంపావు, చుట్టూ సెల్ఫీల తోపులాట. దానికంటే 1642లో కట్టిన రౌండ్ టవర్ వెయ్యి రెట్లు నయం, లోపల మెట్లకి బదులు గుండ్రంగా తిరుగుతూ పైకెళ్ళే వాలు దారి ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కూడా మెల్లగా ఎక్కేయొచ్చు, చివర్లో మాత్రం కొంచెం ఇరుకు మెట్లు. సైకిల్ దారిలో ఫోటోల కోసం నిలబడొద్దు, అది వాళ్ళకి ఆఫీసుకెళ్ళే రోడ్డు. బేకరీలో క్యూ కట్టకుండా ముందు టోకెన్ నంబర్ తీసుకోండి. శాకాహారులు రై బ్రెడ్ మీద బంగాళాదుంప ముక్కలు పెట్టిచ్చేది అడగండి, మయోనైజ్‌లో గుడ్డుంటుంది, వద్దని ముందే చెప్పాలి. మాకు ఒకటి 95 పడింది, పొట్ట నిండలేదు. ఖాళీ సీసాలు పారేయకండి, సైజుని, రకాన్ని బట్టి 1, 1.50, 3 క్రోనర్ వెనక్కొస్తాయి, మా బాబు 20.50 సంపాదించి ఐస్‌క్రీమ్‌కి నన్ను మిగతాది వేయమన్నాడు.

ఇక సమ్మర్ హౌస్ తీసుకుంటే మాత్రం దుప్పట్లు, టవల్స్ మీవే తీసుకెళ్ళండి. దిగిన వెంటనే మీటర్ ఫోటో తీయండి. వెళ్ళేరోజు స్టవ్, ఓవెన్, ఫ్రిజ్, బాత్రూమ్ వీడియో తీసి అప్పటికప్పుడే ఏజెన్సీకి మెయిల్ చేయండి. డిపాజిట్ ఎన్ని రోజుల్లో వస్తుందో రాతపూర్వకంగా అడగండి, చెప్పకపోతే వేరే ఇల్లు చూసుకోండి. తారీఖులు మీ చేతిలో ఉంటే జూన్ 23 కలిసొచ్చేలా పెట్టుకోండి, మంట దగ్గరికి మీ కర్ర మీరే పట్టుకెళ్ళండి.