సోలార్ అంచనాకు ఏది మేలు: వాతావరణ మోడలా, ఆకాశ కెమెరానా?

రేపు ప్లాంటు ఎంత కరెంటు ఇస్తుందో ఈరోజే చెప్పాలంటే వాతావరణ మోడలే దిక్కు. ప్లాంటు దగ్గర నిలబడి మబ్బుల కదలికను చూసే కెమెరా మహా అయితే అరగంట ముందు సంగతే చెప్పగలదు.

ఖర్చు: అమెరికా ప్రభుత్వ వాతావరణ మోడల్ జీఎఫ్ఎస్ లాంటి వాటి డేటా ఉచితం. కెమెరా కొనాలి, బిగించాలి.

శ్రమ: మోడల్ లెక్కను ప్లాంటు పాత రికార్డులతో సరిదిద్దాలి. కెమెరాకు అద్దం తుడుస్తూ ఉండాలి. దుమ్మునూ మబ్బే అనుకుంటుంది మరి!

రిస్క్: అసలు తేడా ఇక్కడే. జీఎఫ్ఎస్ భూమిని గడులుగా విడగొట్టి లెక్కిస్తుంది, ఒక్కో గడి వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు. ప్లాంటు మీదుగా పోయే చిన్న మబ్బు అందులో కనిపించదు. ఆ మబ్బుకే ఉత్పత్తి చప్పున పడిపోయి, బలహీనమైన లైన్లలో వోల్టేజీ ఊగుతుంది.

మర్నాటి షెడ్యూల్ ఇవ్వాల్సిన పెద్ద ప్లాంటుకు మోడల్ చాలు. బ్యాటరీని నిమిషాల్లో సిద్ధం చేసుకోవాల్సిన చిన్న గ్రిడ్‌కు కెమెరా పెట్టాల్సిందే.