ఇన్విన్సిబులా, ఇంప్లాకబులా? పట్టుబడ్డ రెండు ఓడల్లో ఏది మేలు?

రెండూ ఫ్రాన్స్‌లో రోష్‌ఫోర్ రేవులో కట్టినవే, రెండూ 74 ఫిరంగులవే, రెండిటినీ బ్రిటిష్ నేవీ యుద్ధంలో పట్టుకుని తన జెండా ఎగరేసింది, చివరికి రెండూ మునిగింది కూడా ఇంగ్లండ్ దక్షిణాన వైట్ ద్వీపం చుట్టుపక్కలే. వయసు చూస్తే ఇంప్లాకబుల్‌కి తిరుగులేదు, అయినా నా ఓటు ఇన్విన్సిబుల్‌కే.

ఇన్విన్సిబుల్ 1744లో నీళ్లలోకి దిగింది, 1747 మేలో స్పెయిన్ తీరంలోని ఫినిస్టెర్ అగ్రం దగ్గర బ్రిటిష్ అడ్మిరల్ ఆన్సన్ దళానికి చిక్కింది. ఆ రోజే గ్లోయిర్ అనే ఇంకో ఓడ కూడా దొరికింది, ఆ పేరుకి అర్థం కీర్తి, ఇన్విన్సిబుల్ అంటే అజేయం. "అజేయాన్ని జయించారు, కీర్తి మీ వెంటే వస్తోంది" అని ఫ్రెంచ్ అధికారి కత్తి అప్పగిస్తూ అన్నాడని చెప్తారు. ఓడిపోయిన మనిషి నోట అంత మాట రావడం నాకు భలే నచ్చుతుంది.

అసలు విషయం కట్టుబడిలో ఉంది. అప్పటి బ్రిటిష్ 80 ఫిరంగుల ఓడలు మూడు అంతస్తులు, పొట్టిగా ఎత్తుగా ఉండేవి, సముద్రం కాస్త ఎగసిందంటే కింది అంతస్తు ఫిరంగుల తలుపులు తెరవలేకపోయేవాళ్లు, తెరిస్తే నీళ్లు లోపలికొచ్చేస్తాయి. ఇన్విన్సిబుల్‌కి రెండే అంతస్తులు, పొడుగాటి ఒళ్లు, పెద్ద ఫిరంగులు నీటికి బాగా ఎత్తున. ఇంగ్లీషోళ్లు దాని కొలతలు తీసుకుని వేలియంట్, ట్రయంఫ్ అని రెండు ఓడలు అదే అచ్చులో కట్టుకున్నారు. 1805లో ఫ్రాన్స్, స్పెయిన్ ఓడలతో జరిగిన ట్రఫాల్గర్ యుద్ధం నాటికి వాళ్ల 27 పెద్ద ఓడల్లో 16 ఈ 74 ఫిరంగుల రకమే.

అదే ట్రఫాల్గర్‌లో ఎదుటి పక్షాన ఉంది మన రెండోది, అప్పటికి దాని పేరు డుగే త్రూయాన్. అక్కడ తప్పించుకుంది గానీ నవంబర్ 4న దొరికిపోయి ఇంప్లాకబుల్ అయింది. 1808లో బాల్టిక్‌లో రష్యన్ ఓడ వ్సెవోలోద్‌ని దెబ్బతీసిన రెండు బ్రిటిష్ ఓడల్లో ఇదొకటి. 1855 నుంచి కుర్రాళ్లకి నావిక విద్య నేర్పే ఓడ. అలా 144 ఏళ్లు బ్రిటిష్ చేతుల్లో బతికింది, ఆఖరికి రిపేరుకి డబ్బుల్లేవని, ఫ్రాన్స్‌కి ఇస్తామంటే వాళ్లూ వద్దన్నారని, 1949 డిసెంబర్ 2న రెండు దేశాల జెండాలూ ఎగరేసి మందుగుండు పెట్టి ముంచేశారు. పేలినా వెంటనే మునగలేదు, చాలాసేపు తేలుతూనే ఉంది. ఆ ఫొటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. వెనక భాగం, ముందరి బొమ్మ మాత్రం గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి. ఒకటి ఒప్పుకోవాలి, ఆ బాధ తర్వాత కట్టీ సార్క్ అనే ఇంకో పాత తెరచాప ఓడని కాపాడుకోవడానికి పనికొచ్చింది.

ఇన్విన్సిబుల్‌ని ఎవరూ ముంచలేదు. 1758 ఫిబ్రవరిలో కెనడాలోని ఫ్రెంచ్ కోట లూయిస్‌బర్గ్ మీద దండయాత్రకి బయల్దేరుతుంటే లంగరు ముందు పైకి రాలేదు, వచ్చాక ఓడ ముక్కు కింద ఇరుక్కుంది, దానికితోడు చుక్కాని బిగుసుకుపోయింది, ఓడ వెళ్లి ఇసుకదిబ్బ ఎక్కేసింది. మనుషులంతా బతికారు. ఏనుగు చచ్చినా వెయ్యే అంటారే, ఇది అచ్చం అలాగే. 1979లో ఒక జాలరి వల అడుగున దేనికో తగులుకుంది, చూస్తే ఇదే! ఇసుక కప్పేసి ఉండటంతో తాళ్లు, తోలు బకెట్లు, బూట్లు, మందుగుండు పీపాలు, గాజు ఇసుక గడియారాలు కూడా అందులోంచి బయటపడ్డాయి. 1949 దాకా నీటిపై తేలిన ఓడలోంచి ఆ తొలినాటి నావికుడి బూటు ఒక్కటైనా అలా దొరికేదా?