నాట్ పక్కన ఆర్ ఉంటే: గ్నూకోబాల్ వాడి చూశాక

కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రాములు చూసుకోవడం నా పని. మూడు నెలలుగా గ్నూకోబాల్ అనే కంపైలర్ (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగేలా మార్చేది) వాడుతున్నాను. ఒకప్పటి ఓపెన్‌కోబాల్ ఇదే, ఉచితం. కోబాల్‌ను సీ భాషలోకి మార్చి కంపైల్ చేస్తుంది. దాని కాబ్‌సీ కమాండ్‌కి మైనస్ ఎక్స్ తగిలిస్తే నేరుగా నడిచే ఫైల్ చేతికొస్తుంది. పెద్ద ప్రోగ్రాముల జోలికి పోను. అర్థం కాని ఇఫ్ (‘ఇలా ఉంటే’ అనే షరతు) ఒక్కటి ఊడదీసి, ఇరవై లైన్ల ప్రోగ్రాములో పెట్టి నడుపుతాను, అంతే.

ఈ అలవాటు ఒక ఖాతాల ప్రోగ్రాము పుణ్యం. అందులో ‘ఇఫ్ స్టేటస్ నాట్ ఈక్వల్ 1 ఆర్ 2’ అని ఉంది. చదవగానే మన తెలుగు బుర్ర ‘1 గానీ 2 గానీ కాకపోతే’ అనేసుకుంటుంది. రాసినాయనా అలాగే అనుకుని ఉంటాడు, పాపం. కోబాల్ మాత్రం ఆ ‘నాట్ ఈక్వల్’ని రెండో అంకెకీ విడిగా తగిలిస్తుంది: 1 కాకపోయినా సరే, 2 కాకపోయినా సరే. ఒకే గడిలో 1, 2 రెండూ ఉండవు కదా, ఏది వచ్చినా షరతు నెగ్గేస్తుంది! అరపూట ఆ లైనునే చూస్తూ కూర్చున్నాను. గ్నూకోబాల్‌లో 1, 2, 3 ఇచ్చి నడిపితే మూడుసార్లూ ‘లోపలికి వచ్చింది’ అని డిస్‌ప్లే. ఆర్ తీసి యాండ్ పెట్టాక 3 ఒక్కటే వచ్చింది. తర్వాత 1, 2 లకు కలిపి 88 లెవల్‌లో (విలువలకు పేరు పెట్టుకునే కోబాల్ సదుపాయం) ఒక పేరు పెట్టి, ‘ఇఫ్ నాట్’ పక్కన ఆ పేరు రాశాను. ఫలితం అదే, చదవడానికి ప్రాణానికి హాయి.

ఆ తప్పు లైను కూడా చక్కగా కంపైల్ అయిపోయిందని కోపం వచ్చింది గానీ, వ్యాకరణం ప్రకారం అందులో తప్పేమీ లేదు మరి. ఇంకో చిక్కు: సీఐసీఎస్ (మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్లలో లావాదేవీలు నడిపే సాఫ్ట్‌వేర్) పిలుపులున్న చోట వాటిని పీకేసి మిగతాది నడుపుకోవాలి.

అసలు టెన్షన్ పెట్టింది వేరే. ‘ఇఫ్ కోడ్ నాట్ గ్రేటర్ దాన్ 9’, కోడ్‌లో ఇంగ్లిష్ అక్షరం ‘కె’. మెయిన్‌ఫ్రేమ్‌లో షరతు నెగ్గింది, నా దగ్గర ఓడింది. అక్షరాలకు, అంకెలకు కోడ్ నంబర్లిచ్చే పద్ధతులు రెండు చోట్లా వేరు: నా దగ్గరున్న ఆస్కీలో అంకెలు ముందు, అక్షరాలు తర్వాత; మెయిన్‌ఫ్రేమ్ వాడే ఎబ్సిడిక్‌లో అక్షరాలే ముందు. ప్రోగ్రామ్ కొలేటింగ్ సీక్వెన్స్‌ను (పోల్చేటప్పుడు వాడే వరుసను) ఎబ్సిడిక్‌కి మార్చాక రెండూ కలిశాయి. ఇది తట్టేసరికి రోజు గడిచిపోయింది.

నాలుగు స్టార్లు. ఐదోది ఆ రోజే పోయింది.