ఎంబీఏ ఎక్కడ మేలు: మేనేజ్‌మెంట్ సంస్థలోనా, సాంకేతిక విశ్వవిద్యాలయంలోనా?

ఒడిశాలోని బరంపురంలో మా వీధిలోనే ఈ ఏడాది నలుగురు అడిగారు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి వచ్చిన ఫోన్లు వేరే. అందరిదీ ఒకటే ప్రశ్న: "అమ్మాయి బీటెక్ అయిపోయింది, ఎంబీఏ చేస్తానంటోంది. అచ్చంగా మేనేజ్‌మెంట్ నేర్పే సంస్థకు పంపాలా, ఇంజినీరింగు కూడా ఉన్న విశ్వవిద్యాలయానికి పంపాలా?" రెండేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే చర్చ నడిచింది. క్యాట్ ప్రవేశపరీక్ష గురించి, ఫీజుల గురించి మీకు తెలియనిది లేదు కాబట్టి వాటి జోలికి పోను.

మనవాళ్లకు అటు సంబల్‌పూర్, ఇటు విశాఖపట్నం ఐఐఎంలు ఉన్నాయి. రెండూ 2015లోనే మొదలయ్యాయి. బ్యాంకులు, కన్సల్టింగ్, మార్కెటింగ్ వైపు మనసు స్థిరపడిన పిల్లలకు అదే దగ్గరి దారి. రెండేళ్లూ ఒకటే ధ్యాస, ఉద్యోగాల వేళకు ఆ పేరు పలికే విలువ. అలాంటి చోట సీటు వస్తే వదులుకోమని నేను ఎవరికీ చెప్పను.

రెండో రకానికి ఖరగ్‌పూర్ ఐఐటీలో 1993లో వచ్చిన వినోద్ గుప్తా స్కూలు, బొంబాయి ఐఐటీలో 1995లో వచ్చిన శైలేశ్ మెహతా స్కూలు పాత ఉదాహరణలు. ఇక్కడ మేనేజ్‌మెంట్ తరగతికీ ప్రయోగశాలకూ మధ్య నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ నడిచేవాళ్లుంటే ఏం జరుగుతుందో హెర్బర్ట్ సైమన్ జీవితం చెబుతుంది. అమెరికాలో కార్నెగీ సాంకేతిక సంస్థ 1949లో పెట్టిన మేనేజ్‌మెంట్ స్కూలులో ఆయన తొలి తరం అధ్యాపకుడు. సంస్థల్లో మనుషులు నిర్ణయాలెలా తీసుకుంటారని ఆరా తీస్తూ కంప్యూటర్ వైపు వెళ్లాడు. అలెన్ నెవెల్‌తో కలిసి కృత్రిమ మేధకు పునాది వేసినవారిలో ఒకడయ్యాడు. 1975లో నెవెల్‌తో పాటు కంప్యూటర్ రంగంలో ట్యూరింగ్ పురస్కారం, 1978లో ఆర్థికశాస్త్రంలో నోబెల్. ఒకే మనిషికి ఆ రెండూ రావడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

మన ఊళ్ల దగ్గరికి వద్దాం. పోయిన శ్రావణంలో మా అమ్మాయి ప్రాజెక్టు పని మీద ముగ్గురు సహాధ్యాయులతో ఇంటికి వచ్చింది. ఇద్దరు మెకానికల్, ఇద్దరు ఎంబీఏ. గంజాం తీరమంతా మొగలిపొదలే కదా, వాళ్లు ఎంచుకున్నది మొగలి అత్తరు బట్టీ. అత్తరులో వాసన ఎందుకు పోతోందో తేల్చడం వాళ్ల పని. నేనూ వెంట వెళ్లాను. రాగి పాత్రలో పువ్వులు, నీళ్లు పోసి, మూత చుట్టూ మట్టితో బిగించి, కింద కట్టెల మంట పెడతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన మరో పాత్రలోకి దిగుతుంది. ఆ తొట్టి నీళ్లు వేడెక్కడం వల్లే వాసన పోతోందని మెకానికల్ అబ్బాయి నమ్మకం. అరగంటకోసారి థర్మామీటరు ముంచి రాసుకున్నాడు. మా అమ్మాయి గేటు దగ్గర కూర్చుని, పువ్వుల సంచులతో ఏ సైకిలు ఎన్ని గంటలకు వచ్చిందో రాసింది. సాయంత్రం రెండు నోటుపుస్తకాలూ పక్కపక్కన పెడితే తెలిసింది: మొదటి పువ్వులు ఆరింటికే వస్తున్నాయి, పాత్ర నిండేదాకా, అంటే తొమ్మిది దాటేదాకా, యజమాని మంట పెట్టడం లేదు. సగం పాత్రకూ అంతే కట్టెలు కాలతాయి మరి. ఈలోగా పువ్వు వాడుతోంది. చిన్న పాత్ర తయారు చేయాలి, అది ఇంజినీరింగు పని. దాని ఖర్చు గిట్టుతుందా, అది ఎంబీఏ వాళ్ల లెక్క. ఎవరు ఒంటరిగా వచ్చినా సగం కథతోనే తిరిగి వెళ్లేవారు.

అయితే ఒకే ప్రహరీ లోపల ఉన్నంత మాత్రాన ఇలా జరగదు. మా పక్కింటి అబ్బాయి చదివిన విశ్వవిద్యాలయం కరపత్రం నిండా "బహుళ శాస్త్రాల సమ్మేళనం" అని ఉండేది. రెండేళ్లలో అతను ఇంజినీరింగు భవనం మెట్లెక్కలేదు. కారణం అధ్యాపకుల సోమరితనం కాదు. పదోన్నతి ఎవరి విభాగంలో వాళ్లకే. అత్తరు పాత్ర మీద రాసిన వ్యాసం మేనేజ్‌మెంట్ పత్రికకు పట్టదు, పువ్వుల ధర మీద రాసింది ఇంజినీరింగు పత్రికకు అక్కర్లేదు. ఇద్దరు కలిసి ఒక పాఠం చెబితే, ఇద్దరూ ప్రతి తరగతికీ వచ్చినా, చాలాచోట్ల పనిగంటలు చెరి సగమే లెక్కిస్తారు. ఒక ఏడాది ఉత్సాహంగా చెబుతారు, రెండో ఏడాది మానేస్తారు. పీహెచ్‌డీకి వేరే విభాగం నుంచి సహ పర్యవేక్షకుణ్ణి పెట్టుకోవడానికి యూజీసీ నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ ఆచార్యుడికి ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు పీహెచ్‌డీ విద్యార్థులనే పరిమితి ఉంది. ఉన్న కాసిని స్థానాలను సొంత విభాగం పిల్లలతోనే నింపుకోవాలనిపించడం సహజం.

అందుకే నేను ర్యాంకు కన్నా ముందు ఒకటే చూస్తాను: ప్రాజెక్టుకు మార్కులు వేసేది ఎవరు? మా అమ్మాయి మౌఖిక పరీక్షలో రెండు విభాగాల వాళ్లూ ఒకే బల్ల వెనక కూర్చున్నారు. ఇంజినీరింగు ఆయన తొట్టి నీళ్ల గురించి మా అమ్మాయిని అడిగాడు. మేనేజ్‌మెంట్ ఆవిడ పువ్వు ధర ఎవరు నిర్ణయిస్తారని మెకానికల్ అబ్బాయిని అడిగింది. ఆ అబ్బాయికి చెమటలు పట్టాయట, అయినా జవాబు చెప్పాడు. అలాంటి బల్ల ఉన్న విశ్వవిద్యాలయమైతే నేను దానికే మొగ్గుతాను, పేరు కాస్త చిన్నదైనా సరే. ఆ బల్ల లేకపోతే మేనేజ్‌మెంట్ సంస్థే నయం.

ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల కోర్సుల గురించి కూడా అడుగుతున్నారు. పదిహేడేళ్లకే దారి తేల్చుకున్న పిల్లలకు బాగుంటాయి, అలాంటి పిల్లలు తక్కువ. ఆన్‌లైన్ ఎంబీఏ ఉద్యోగం చేస్తున్నవాళ్లకు పనికొస్తుంది, మన చర్చలోకి రాదు.

పర్లాకిమిడిలో ఉండే నా స్నేహితురాలు వచ్చే వారం కూతురితో ఒక విశ్వవిద్యాలయం చూడటానికి వెళుతోంది. హాస్టలు, క్యాంటీను తర్వాత చూడవచ్చు, ముందు గ్రంథాలయానికి వెళ్లమన్నాను. గత రెండేళ్ల ఎంబీఏ ప్రాజెక్టు నివేదికలు అడిగి తీయించి, మొదటి పేజీలో రెండు విభాగాల అధ్యాపకుల సంతకాలూ ఉన్నవి ఎన్నో లెక్కపెట్టుకుని రమ్మన్నాను.