బేతంచెర్ల బండల మడి: రెండు ఎండాకాలాల తర్వాత

కర్నూలులో మా పెరడంతా నల్లరేగడి. వానొస్తే కాలు దిగబడుతుంది, ఎండలకు చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. అందుకే 2023 జూన్‌లో కూరగాయలకు ఎత్తు మడి కట్టించాను. చెక్కకు చెదల భయమని బేతంచెర్ల బండలు (అక్కడి గనుల నాపరాళ్లు) తెప్పించి నిలువుగా పాతించాం. పొడవు 8 అడుగులు, వెడల్పు 4, నేలపైన ఒకటిన్నర అడుగు ఎత్తు.

బండలకు ఇప్పటికీ ఏమీ కాలేదు. తొలి వానలకు రేగడి ఉబ్బి నడిమి బండలు మాత్రం బయటికి ఒరిగాయి. మేస్త్రీ వాటికి బెజ్జాలు వేసి, ఎదురెదురు బండల్ని ఇనప తీగతో బిగించాడు. ఆ పని మొదటి రోజే చేయించాల్సింది.

నన్ను బాగా ఏడిపించింది ఎరువు. మాగిందని చెప్పి తోలారు. చేతికి వెచ్చగా తగిలినా తొందరపడి వంగ, టమాటా నారు నాటేశాను. వారంలో సగం మాడిపోయింది. తవ్వి చూస్తే తెల్లటి వేరుపురుగులు. ఇప్పుడు పిడికిట్లో నలిపి, వాసన చూసి గానీ వేయను. పేడ కంపు పోయి, వాన పడిన మట్టి వాసన రావాలి. దీపావళి నాటికి మడి 4 అంగుళాలు కుంగింది. కొత్త మడి కుంగడం మామూలే, ఏటా పైన ఎరువు వేసి నింపుకోవాలి.

ఇక ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీలు మాకు కొత్త కాదు. సాయంత్రం నాలుగింటికి పడమటి బండ మీద చెయ్యి ఆనించలేం. దాన్ని ఆనుకున్న జానెడు మట్టిలో మొదటి ఎండాకాలం ఒక్క మొక్కా బతకలేదు. పైగా ఎత్తు పెరిగేకొద్దీ మట్టి త్వరగా ఆరుతుంది. రోజూ రెండు పూటలా నీళ్లు పోయాల్సి వచ్చింది. మన సీమ ఎండలకు ఒకటిన్నర అడుగు ఎత్తు ఎక్కువ, అడుగు చాలు. ఈ మాట ఎవరడిగినా గట్టిగా చెబుతాను.

రెండో ఎండాకాలం మట్టి మీద 3 అంగుళాల మందాన బుడ్డల (వేరుశనగ) పొట్టు పరిచాను. పడమటి బండకు తడి గోనెసంచులు వేలాడదీసి, పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టాను. నీళ్లు ఒక్క పూటకు తగ్గాయి. గోంగూర, మటిక్కాయలు (గోరుచిక్కుడు) నిలబడ్డాయి. టమాటా పూత రాలింది గానీ అది మడి తప్పు కాదు, ఆ వేడికి పిందె కట్టదు. నారు సెప్టెంబర్‌లో పోసుకుంటే మేలు. చలికాలంలో మాత్రం చుక్కకూర, మెంతి ఎంత కోసినా తరగలేదు. అమ్మ పప్పులోకి ఆకు కొనడమే మానేసింది.

ఇంకొక పొరపాటు, గోడకు ఆనించి కట్టడం. అవతలి అంచు చేతికందదు. మట్టి తొక్కి గట్టిపరచడం ఇష్టంలేక అక్కడ కలుపు వదిలేస్తున్నాను.

ఈ జూన్‌లో రెండో మడి పెట్టిస్తున్నాం. మళ్లీ బేతంచెర్ల బండలే, అడుగు ఎత్తు, గోడకు దూరంగా. ఎరువు సంక్రాంతి నుంచే గుంతలో మాగుతోంది.