బాలబండి కోసం భీమిలి దాకా

మా అమ్మాయిది డిగ్రీలో బోటనీ. ఎండబెట్టిన మొక్కలు అంటించే హెర్బేరియం షీట్లకు సముద్రపు ఒడ్డు తీగలే కావాలని, అవీ మన నేలవే అయ్యుండాలని పట్టుబట్టింది. సరేనని సెప్టెంబరులో మూడు రోజులు విశాఖలో తిరిగాం.

మొదటి రాత్రి ఆర్కే బీచ్ దగ్గర లాడ్జిలో దిగాం. గది శుభ్రం, టిఫిన్ సెంటర్లు నాలుగడుగుల్లో. కానీ తీగల పనికి ఆ చోటు దండగ. జనం తొక్కిడికి ఇసుకలో ఏదీ బతకదు. ఓ ప్రహరీ మీద గులాబీ రంగు పూల గుత్తులు చూసి నేను ఫోన్ తీస్తే, "అమ్మా, అది మెక్సికో తీగ" అని తేల్చేసింది. ఖాళీ స్థలంలో తెల్లజుమికి కనిపించింది. వల అల్లినట్టున్న పచ్చని నూగులో కాయ. చిన్నప్పుడు ఎన్ని తిన్నామో! అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందేనట. నాకు కాస్త బాధేసింది.

మర్నాడు పొద్దున్నే భీమిలి వెళ్లే 900కే బస్సెక్కి మంగమారిపేటలో దిగాం. అసలు ట్రిప్పు అక్కడ మొదలైంది. పడవలు లాగే చోటు దాటగానే ఇసుక మీద బాలబండి తీగ, తాడు పరిచినట్టు. ఆకు కొసన రెండుగా చీలి అచ్చం మేక గిట్టలా ఉంటుంది. తుంచితే పాలు కారతాయి. పక్కనే అదే ఊదా గులాబీ రంగు పూలతో మరో తీగ పాకుతోంది. నేను రెండూ ఒకటే అనుకున్నాను. దానికి చిక్కుడులా మూడేసి ఆకులు, పువ్వు కూడా చిక్కుడు పువ్వులాగే, తుంచితే పాలు లేవు. అది సముద్రపు ఒడ్డున పెరిగే తమ్మకాయ జాతి. బాలబండి పూలు చూడాలంటే పొద్దున్నే వెళ్లాలి, మధ్యాహ్నానికి ముడుచుకుపోతాయి.

చేపలు ఎండబెడుతున్న ఒక పెద్దావిడ "ఏటమ్మా ఎతుకుతున్నారు?" అంది. చెప్పాం. "ఒక కొమ్మ తీసుకోండి గానీ వేరు పీకకండమ్మా, ఇసక నిలబడేది దాని వల్లే" అంది. తీగ ఎత్తి చూశాం. కణుపు కణుపుకీ వేళ్లు, ఒక్కోటి ఇసుకను గుప్పెట పట్టినట్టు. పక్కన రావణాసురుడి మీసాలు కూడా ఉన్నాయి. గడ్డే కాబట్టి మా లెక్కలోకి రాలేదు, కానీ మా అమ్మాయి కాలిలోకి మాత్రం దిగింది.

తొట్లకొండకు ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ అని ఒప్పుకున్న మనిషి పైన దింపి మాయమయ్యాడు. వెయిటింగ్ డబ్బులు ముందే ఇవ్వకండి. కొండ మీద బౌద్ధుల నాటి రాతి తొట్లు, స్తూపం చూడదగ్గవే, మా కళ్లు మాత్రం దారి పక్క పొదల మీదే. ఎగబాకే తీగ దేనితో పట్టుకుంటుందో చూస్తే సగం గుర్తుపట్టినట్టే అంది అమ్మాయి. నాభికి ఆకు కొసే నులితీగ, అంటే చుట్టుకుని పట్టుకునే సన్నని పోగు. ఎరుపు పసుపు మంటలాంటి పువ్వు మురిపిస్తుంది కానీ దుంప విషం. నల్లేరుకు ఆకు ఎదురుగా కణుపు దగ్గర నులితీగ, కాడ నాలుగు పలకలు. తిప్పతీగకు అదేమీ ఉండదు, తానే చుట్టుకుంటూ పైనుంచి దారాల్లాంటి ఊడలు దింపుతుంది. అక్కడ ఫోటోలే తీసుకున్నాం. భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లోనూ అంతే. 2014లో జియో హెరిటేజ్ (భూవారసత్వ) స్థలంగా గుర్తించిన చోట ఆకు తుంచడానికి మనసొప్పలేదు. వాన పడి జారుడుగా ఉంది, త్వరగానే వెనక్కి వచ్చేశాం.

రెండో రాత్రి భీమిలి వైపు ఒక రిసార్టు. బీచ్ ఫ్రంట్ అని గట్టిగానే తీసుకున్నారు. "ఇక్కడంతా పిచ్చి తీగలుండేవి మేడమ్, పీకేసి లాన్ వేయించాం" అని మేనేజరు గర్వంగా చూపించాడు. ఆ రాత్రి గాలికి కిటికీ సందుల్లోంచి వచ్చిన ఇసుక దిండు మీద, పొద్దున కాఫీ కప్పులో కూడా. అయినా ఏసీ ఉండబట్టి మేం నొక్కిపెట్టిన ఆకుల పేపర్లు బాగా ఆరాయి. ఆ ఒక్కదానికి మార్కులు వేస్తాను. చేపల పులుసుకు వేయను.

మళ్లీ వెళితే భీమిలి ఊళ్లోనే చిన్న గది తీసుకుంటాం, ఆరింటికల్లా ఇసుకలో ఉంటాం.

నల్లేరు ముక్క మాత్రం భీమిలి రోడ్డు పక్కన తెంపాం. చేతులు దురద పెడతాయని పేపరుతో పట్టుకుని మరీ. ఇంటికొచ్చాక పది రోజులు బరువుల కింద ఉంచి విప్పితే మిగతావన్నీ ఎండాయి, ఇది ఎండలేదు సరికదా కణుపు దగ్గర చిన్న వేరు పెట్టింది. అమ్మాయి దాన్ని తీసి కుండీలో గుచ్చింది. ఆ షీటు ఇంకా ఖాళీగానే ఉంది.