మొబిలిటీ స్కూటర్: మూడేళ్లు నడిపి, విప్పి, బిగించాక

కొన్న వారానికే అయిదు స్టార్లు వేసేసిన వాళ్ల మాట నమ్మి నేను ఈ మొబిలిటీ స్కూటర్, అంటే నడవలేనివాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండి, కొన్నాను. ఆ పని నేను ఇంకొకళ్లకి చేయకూడదని మూడేళ్లు ఆగి రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చూసినంతలో ఇలాంటి బండ్లు నాలుగైదు పేర్లతో అమ్ముతున్నారు, సీటు తీసి మూత విప్పితే లోపల సామాను దాదాపు ఒకటే.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా ఫిర్యాదులు మీకు అర్థం కావు. రెండో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలికి కాలిపర్ అనే ఇనప చట్రం, చంకలో కర్ర. అలాగే చదువుకున్నాను, అలాగే రాజమండ్రిలో ఒక స్కూలు ఆఫీసులో ఇరవై ఎనిమిదేళ్లు గుమాస్తాగా చేశాను. యాభై దాటాక మంచి కాలు కూడా మొరాయించడం మొదలుపెట్టింది. డాక్టరు గారు దీన్ని పోస్ట్ పోలియో సిండ్రోమ్ అంటారన్నారు. ఇన్నేళ్లూ అదనపు బరువు మోసిన కండరాలు అలసిపోతాయట, ఎక్కువ వాడితే ఇంకా నీరసిస్తాయట. కర్ర పక్కన పెట్టి బండి ఎక్కమన్నారు.

యాక్టివాకి సైడ్ వీల్స్ వేయించుకున్నవాళ్లు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. మంచి బండే, కానీ దాన్ని తీసుకుని కూరల దుకాణంలోకి వెళ్లలేం, మందుల షాపు లోపలికి వెళ్లలేం. కాన్పూరు అలిమ్‌కో అనే ప్రభుత్వ కంపెనీ వాళ్ల బ్యాటరీ ట్రైసైకిల్ ప్రభుత్వ పథకంలో ఇస్తారు గానీ అప్పట్లో దానికి 80 శాతం వైకల్యం ఉండాలన్నారు. నా సదరం సర్టిఫికెట్లో 70 ఉంది. ఆ పది శాతం కోసం ఇంకా పాడవ్వాలని ఎవరు కోరుకుంటారు! అలా 2022లో హైదరాబాదు నుంచి ఈ నాలుగు చక్రాల స్కూటర్ తెప్పించుకున్నాను. జీఎస్టీతో కలిపి 72 వేలు. వికలాంగుల బండి కాబట్టి జీఎస్టీ 5 శాతమే వేశారు.

నడపడానికి మాత్రం వంక పెట్టలేను. హ్యాండిల్ దగ్గర కుడి బొటనవేలితో మీట నొక్కితే ముందుకి, ఎడమది నొక్కితే వెనక్కి. మీట వదిలితే ఆగిపోతుంది. గంటకి 8 కిలోమీటర్లకు మించి పోదు. మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 లోపు ఉంటే రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. దేవీచౌక్ దగ్గర ఒక కానిస్టేబుల్ ఆపి "నంబరు ప్లేటేదమ్మా?" అన్నాడు. చెబితే నవ్వేసి, తనే ట్రాఫిక్ ఆపి దాటించాడు. దానవాయిపేటలో మా ఇంటి నుంచి సాయంత్రం గోదావరి గట్టుకి ఒక్కదాన్నే వెళ్లి, బజ్జీలు తిని, చీకటి పడ్డాక తిరిగి రావడం నా జీవితంలో యాభై రెండో ఏట మొదలైంది. ఆ ఒక్క ముక్కకే 72 వేలూ చెల్లాయి.

కాగితం మీద రాసిన మైలేజీ ఒక ఛార్జికి 25 కిలోమీటర్లు. నాకు కొత్తలో 16 వచ్చింది, ఇప్పుడు 13. మన రోడ్ల మీద, మన స్పీడ్ బ్రేకర్ల మీద, నా బరువుతో అంతే. స్పీడ్ బ్రేకర్ని ఏటవాలుగా ఎక్కితే బండి పక్కకి ఒరుగుతుంది, నేరుగానే ఎక్కాలి, నెమ్మదిగా. ఫుట్‌పాత్ మాట ఎత్తకండి. ర్యాంపు ఉన్న బ్యాంకుకే వెళ్తాను గానీ ఆ ర్యాంపు చూస్తే జారుడు బల్ల గుర్తొస్తుంది. ఒక అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలన్నది లెక్క. మా బ్యాంకు వాళ్లు మూడడుగుల్లో ముగించి పైన గ్రానైట్ వేశారు.

ఇక సర్వీసు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకున్నది దీని పుణ్యాన్నే.

కొన్న ఏడో నెలలో ఒక పొద్దున తాళం తిప్పితే బండి కదలలేదు. బీప్ బీప్ అని గోల. కస్టమర్ కేర్ అబ్బాయి అంతా విని "కంట్రోలర్ పోయుంటుంది మేడమ్, ట్రాన్స్‌పోర్టులో పంపించండి, చూసి చెప్తాం" అన్నాడు. కంట్రోలర్ అంటే మోటారుకి ఎంత కరెంటు పంపాలో చూసే పెట్టె. అది ఎంత బాబూ అంటే 18 వేలన్నాడు, రానూపోనూ ట్రాన్స్‌పోర్టు మనదే. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుని ఏడుపొక్కటే తక్కువ. నాలుగో రోజు విసుగెత్తి మాన్యువల్ ముందేసుకుని, బీప్‌లు ఎన్నిసార్లు వస్తున్నాయో లెక్కపెట్టి, చివరి పేజీ పట్టికలో చూశాను. వెనక చక్రాల దగ్గర ఒక ఎర్ర లివర్ ఉంటుంది. దాన్ని కిందికి తోస్తే మోటారు పట్టు వదిలేస్తుంది, అప్పుడు బండిని చేత్తో నెట్టుకోవచ్చు. ముందు రోజు సెల్లార్ కడుగుతూ వాచ్‌మన్ బండిని పక్కకి జరిపి, లివర్ అలాగే వదిలేశాడు. చేత్తో పైకి ఎత్తాను. టక్‌మని చప్పుడు. బండి బయల్దేరింది. 18 వేల రోగం!

ఈ లివర్ గురించి ఇంకో మాట, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. ఈ బండికి బ్రేకు మోటారులోనే ఉంటుంది. కరెంటు వచ్చినప్పుడు బ్రేకు వదులుతుంది, కరెంటు ఆగితే పట్టేస్తుంది. స్కూటీ బ్రేకుకి పూర్తిగా ఉల్టా. లివర్ కిందికి తోశామంటే ఆ బ్రేకు కూడా పోయినట్టే. సెల్లార్ ర్యాంపు మీద, పుష్కర ఘాట్ వాలులో ఎవరైనా సాయం చేస్తామని లివర్ ముట్టుకుంటే ముందు మీరు దిగండి.

ఆ రోజు నుంచి బండికి ఏది వచ్చినా ముందు నేను చూస్తాను. పాత స్టీలు పోపుల పెట్టె ఖాళీ చేసి అందులో సామాను పెట్టాను. ఏడు గిన్నెల్లో ఫ్యూజులు, నట్లు, వాషర్లు, ట్యూబు వాల్వులు, ఇన్సులేషన్ టేపు, వాజ్‌లైన్ డబ్బా, కార్బన్లు. మా అమ్మాయి ఫోన్లో చూసి "అమ్మా, అందులో ఆవాలు ఎక్కడ?" అంది.

అన్నిటికంటే పెద్ద ఖర్చు బ్యాటరీలే కాబట్టి వాటి గురించి ఎక్కువ రాస్తాను. ఇందులో 12 వోల్టులవి రెండు, కలిపి 24 వోల్టులు. సీల్డ్ లెడ్ యాసిడ్, అంటే ఇన్వర్టర్ బ్యాటరీలా డిస్టిల్డ్ వాటర్ పోసే పని లేదు. నా మొదటి జత పందొమ్మిది నెలలకే పోయింది. తప్పు నాదే. ఎండాకాలంలో అమ్మాయి దగ్గరికి బెంగుళూరు వెళ్తూ, ముందు రోజు ఊరంతా తిరిగి, ఛార్జి పెట్టకుండానే బండిని వదిలేశాను. నలభై రోజులకు తిరిగొచ్చేసరికి చచ్చిపోయి ఉన్నాయి. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే ఉంచితే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు పేరుకుని గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత ఛార్జి పెట్టినా ఎక్కదు. దానికి తోడు వేడి. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడుతుందని ఒక లెక్క ఉంది. మా సెల్లార్లో మే నెల ఎలా ఉంటుందో రాజమండ్రి వాళ్లకి చెప్పక్కర్లేదు. అందుకని ఇప్పుడు ఎంత తక్కువ తిరిగినా ఆ రాత్రే ఛార్జింగ్ పెడతాను. బయటి నుంచి రాగానే మాత్రం పెట్టను, మోటారూ బ్యాటరీలూ చల్లబడ్డాక పెడతాను. తెల్లారేసరికి ఛార్జర్ మీద ఎర్ర లైటు పచ్చగా మారుతుంది.

కొత్త జతకి కంపెనీ 14,500 చెప్పింది. మా ఊళ్లో ఇన్వర్టర్ బ్యాటరీలు అమ్మే షాపాయన ముందు యూపీఎస్ బ్యాటరీలు చూపించాడు, చవగ్గా. సైజు సరిపోతుంది. కానీ అవి కరెంటు పోయినప్పుడు కాసేపు ఆదుకోవడానికి చేసినవి, రోజూ ఖాళీ అయి రోజూ నిండే పనికి నిలబడవు. ఎలక్ట్రిక్ స్కూటర్లకు వేసే లెడ్ యాసిడ్ బ్యాటరీలు, 12 వోల్టులు 20 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత), అడిగి తెప్పించుకున్నాను. 8,400 అయింది, పాతవి తీసుకుని 900 తగ్గించాడు. ఇక్కడ ఒక మంట: బండికి 5 శాతం జీఎస్టీ, అదే బండిలో వేసే బ్యాటరీకి బిల్లులో 28 శాతం! అది 2024 మాట. ఇంకోటి, రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే పాతది కొత్తదాన్ని కూడా లాక్కుపోతుంది.

బిగించింది నేనే. విప్పేముందు తీగలు ఎలా ఉన్నాయో ఫోన్లో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. చేతి గాజులు, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టాను, లోహం రెండు కొసలకీ తగిలితే నిప్పులు వస్తాయి. స్పానర్‌కి కొస తప్ప మిగతాదంతా ఇన్సులేషన్ టేపు చుట్టాను. ఎర్ర తీగ ప్లస్సుకి, నల్లది మైనస్సుకి, మధ్యలో ఒకదాని ప్లస్సు నుంచి ఇంకోదాని మైనస్సుకి చిన్న తీగ. పైన వాజ్‌లైన్ పూస్తే పచ్చగా చిలుం పట్టదు. ముప్పావు గంట పట్టింది. మెకానిక్‌కి పది నిమిషాల పని అయ్యుండొచ్చు, నాకేం తొందర!

350 రూపాయల మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, బండితో పాటే. ఫుల్ ఛార్జి అయి కొన్ని గంటలు ఆగాక ఒక్కో బ్యాటరీ 12.7, 12.8 చూపించాలి. 12కి పడితే ఖాళీ అయినట్టే. కానీ నిలబడి ఉన్నప్పుడు చూసిన అంకెని నమ్మకండి. మా సెల్లార్ ర్యాంపు ఎక్కుతుండగా మా మేనల్లుడు మీటర్ పట్టుకుని పక్కనే నడిచాడు. కింద 25.4 ఉన్నది ర్యాంపు మధ్యలో 24.1కి దిగి, పైకి వచ్చాక మళ్లీ 25.2. ఇది ఆరోగ్యం. చచ్చిపోయిన పాత జత అదే ర్యాంపులో 20కి పడిపోయేది. రిపోర్టు చూసి డాక్టరు నాడి పట్టినట్టు, నేనిప్పుడు నెలకోసారి ఆ ర్యాంపు ఎక్కి చూసుకుంటాను.

రెండో ఏడు బండి ఉన్నట్టుండి గింజుకోవడం మొదలుపెట్టింది. మీట కొంచెం నొక్కితే కదలదు, ఇంకొంచెం నొక్కితే ఎగిరి పడుతుంది. చెరువు గట్టు మీద అయితే ఏమయ్యేదో. కంపెనీ హ్యాండిల్ మొత్తం మార్చాలంది, 6 వేలు. మా వీధి చివర పాత టీవీలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. ఆయన హ్యాండిల్ విప్పి, మీట కింద గుండ్రటి చిన్న పరికరం చూపించి, "అమ్మా, పాత రేడియోలో సౌండు పెంచే నాబ్ ఉండేది చూశావా, ఇది అదే. దుమ్ము పట్టి అరిగిపోయింది" అన్నారు. దాని మీద 5కే (అంటే 5 వేల ఓములు) అని రాసి ఉంది, అదే అంకె ఉన్న కొత్తది వేశారు. 40 రూపాయల ముక్క. తీగలు మూడూ అదే వరసలో అతికించి, బండిని ఇటుకల మీదకెత్తి, చక్రాలు గాల్లో తిరిగేలా చూశాకే నన్ను ఎక్కనిచ్చారు. డబ్బు తీసుకోమంటే "ఈ వయసులో కొత్త బండి చూశాను, అదే చాలు" అన్నారు. బలవంతాన 200 పెట్టాను.

మోటారులో కార్బన్లు కూడా అంతే. మిక్సీలో కార్బన్లు అరిగితే నిప్పురవ్వలు వచ్చి ఆగిపోతుంది కదా, ఇదీ అదే జాతి. బయటి నుంచే స్క్రూ మూత తీసి చూడొచ్చు. వ్యవసాయ మోటార్లు వైండింగ్ చేసే షాపులో పాత కార్బన్ చూపిస్తే అదే కొలతలో ఇచ్చారు. కొత్తవి వేశాక ఒకటి రెండు రోజులు నెమ్మదిగా నడపమన్నారు.

టైర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. నావి గాలి టైర్లు. గట్టి రబ్బరు టైర్లయితే పంక్చర్ బెంగ లేదు గానీ మన గుంతలకి నడుం విరుగుతుంది. ఈ చిన్న చక్రాల రిమ్ములు రెండు పళ్లేలు ఎదురెదురుగా పెట్టి బోల్టులతో బిగించినట్టు ఉంటాయి. పంక్చర్ షాపు కుర్రాడు ఇలాంటివి చూసి ఉండడు. గాలి తీయకుండానే బోల్టు మీద స్పానర్ పెట్టాడు. "ఆగు బాబూ, ఆగు!" అని అరిచాను. లోపల గాలి ఉండగా ఆ బోల్టులు విప్పితే రిమ్ము విడిపోయి ముఖం మీదకి ఎగురుతుంది. వాడు గాలి తీసి, వాల్వు పిన్ను కూడా తీసి, అప్పుడు విప్పాడు. ఎంత గాలి పెట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది, నాది 35. "నీ బండికి డాక్టరువి నువ్వే అక్కా" అన్నాడు.

వాన గురించి రెండు మాటలు. చినుకులకి ఏమీ కాలేదు, నీళ్లు నిలిచిన రోడ్డులో మాత్రం దింపను. మోటారు నేలకి జానెడు ఎత్తులో ఉంది.

స్టార్లు అడుగుతారు కాబట్టి: బండికి నాలుగు, కంపెనీ సర్వీసుకి ఒకటి. కొనేవాళ్లు వేగం, రంగు, ఫోన్ పెట్టుకునే స్టాండు చూడకండి. సీటు తీయించి బ్యాటరీ కొలత రాసుకోండి, టైరు నంబరు రాసుకోండి, ఆ రెండూ మీ ఊరి షాపులో ఉన్నాయో లేదో కనుక్కుని డబ్బు కట్టండి. ఉంటే కళ్లు మూసుకుని కొనొచ్చు.

మొన్న కంపెనీ నుంచి ఫోన్, ఏడాది సర్వీసు ప్యాకేజీ 6,500 అని. ఏం చేస్తారు బాబూ అంటే "జనరల్ చెకప్ మేడమ్" అన్నాడు. రాజమండ్రి వస్తారా అంటే, బండిని పంపాలట. వద్దన్నాను. వెనక కుడి టైరు గీతలు అరిగిపోయాయి, ఈ ఆదివారం మార్చాలి. గాలి నేను తీస్తాను, బోల్టులు కుర్రాడు విప్పుతాడు.